పరుగు చరిత్ర – 11: రెండు చిన్న దేశాల మెర్లీన్

గత వారం విల్మా రుడాల్ఫ్‌ను రోమ్‌లో వదిలాం. ఆ 1960 ఒలింపిక్స్ మొదలవడానికి మూడున్నర నెలల ముందు, మే 10న, జమైకా పడమటి కొసన హానోవర్ ప్రాంతంలోని కోల్డ్ స్ప్రింగ్ అనే పల్లెలో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు మెర్లీన్ ఓటీ. ఈ వారం కథ ఆమెది.

మెర్లీన్ ఏడు ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. మొదటిది 1980 మాస్కో, చివరిది 2004 ఏథెన్స్. మొదటి ఆరింటిలో జమైకా జెర్సీ, ఏడోదానిలో స్లొవేనియా జెర్సీ. మాస్కోలో ఆమె మొదటిసారి ట్రాక్ మీద నిలబడిన రోజుకి స్లొవేనియా అనే స్వతంత్ర దేశమే లేదు, అది యుగొస్లావియాలో ఒక ముక్క. ఆమె కాళ్లు పరిగెడుతూనే ఉండగా ఒక దేశం పుట్టింది, ఆ దేశం తరఫున కూడా ఆమె పరిగెత్తింది.

జమైకా ఎంత ఉంటుందో ముందు అనుకోవాలి. వైశాల్యం 10,991 చదరపు కిలోమీటర్లు, విభజనకు ముందున్న మన గుంటూరు జిల్లాకంటే కాస్త తక్కువ. 1980 నాటికి జనాభా ఇరవై లక్షల పైచిలుకు. స్వాతంత్ర్యం వచ్చింది 1962లో. అయినా పరుగులో ఆ దీవి పేరు అప్పటికే మోగుతోంది. 1948లో ఆర్థర్ వింట్ లండన్‌లో 400 మీటర్ల స్వర్ణం తెచ్చాడు. 1952లో హెల్సింకీలో 4×400 రిలే జట్టు గెలిచింది. 1976లో మాంట్రియల్‌లో డాన్ క్వారీ 200 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఆ పరుగును రేడియోలో విని పదహారేళ్ల మెర్లీన్‌కు ట్రాక్ మీద మనసు పడిందని చెబుతారు. చూశారుగా, పేర్లన్నీ మగవాళ్లవే. జమైకా ఆడవాళ్లు ఒలింపిక్స్‌కి వెళ్లారు, ఫైనల్స్‌లో పరిగెత్తారు. పతకంతో మాత్రం ఎవరూ తిరిగి రాలేదు.

జమైకాలో ట్రాక్‌కు పునాది బడి. హైస్కూళ్ల మధ్య ఏటా జరిగే అథ్లెటిక్స్ పోటీలకు అక్కడ ఉండే పిచ్చి, మన దగ్గర క్రికెట్‌కు ఉన్న పిచ్చికి తీసిపోదు. అబ్బాయిల పోటీలు 1910 నుంచి, అమ్మాయిలవి 1957 నుంచి నడుస్తున్నాయి. మెర్లీన్ చదివిన వేర్ టెక్నికల్ హైస్కూల్ అమ్మాయిల పరుగుకు పేరున్న బడి. అక్కడి నుంచి దారి అమెరికాకు. ఆ రోజుల్లో జమైకాలో వృత్తిగా పరుగును నమ్ముకోవడానికి ఏ ఏర్పాటూ లేదు. బాగా పరిగెత్తే పిల్లలను అమెరికా విశ్వవిద్యాలయాలు స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకుపోయేవి. మెర్లీన్ నెబ్రాస్కాకు వెళ్లింది. మంచు కురిసే నెబ్రాస్కాలో శీతాకాలమంతా పైకప్పు కింద ఇండోర్ ట్రాక్ మీదే సాధన. ఆమె ఇండోర్ ప్రతాపానికి బీజం అక్కడే పడి ఉంటుందని నా అనుమానం. 1993 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని లీవెన్‌లో 200 మీటర్లు 21.87 సెకన్లలో పరిగెత్తింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ ఇండోర్ ప్రపంచ రికార్డును ఎవరూ తాకలేదు.

ఇక మాస్కో. అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు వెళ్లాయని అమెరికా ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించింది. జమైకా వెళ్లింది. మన దేశమూ వెళ్లింది. పదహారేళ్ల పి.టి.ఉష 100 మీటర్ల హీట్‌లో పరిగెత్తింది కూడా అక్కడే. అంటే ఉషకూ మెర్లీన్‌కూ ఒలింపిక్ ప్రవేశం ఒకే చోట, ఒకే వేసవిలో. 200 మీటర్ల ఫైనల్‌లో తూర్పు జర్మనీకి చెందిన బార్బెల్ వోకెల్ 22.03తో మొదటిది. సోవియట్ అమ్మాయి నటాల్యా బొచినా 22.19. మెర్లీన్ 22.20. ఇంగ్లీషు మాట్లాడే కరీబియన్ దీవుల ఆడవాళ్లలో ఒలింపిక్ పతకం మెడలో వేసుకున్న మొదటి మనిషి ఆమే. అదే మాస్కోలో, అదే 200 మీటర్లలో, ఆమెకు స్ఫూర్తినిచ్చిన డాన్ క్వారీకి కూడా కాంస్యమే దక్కింది.

వెండికి సెకనులో వందోవంతు తక్కువ. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల పిల్ల, ముందు బోలెడు కాలం ఉంది అనుకున్నారు. కాలం ఉన్నమాట నిజమే. కానీ ఆ వందోవంతు ఆమె వెంటే నడిచింది.

1984 లాస్ ఏంజిలిస్‌లో తూర్పు జర్మనీ రాలేదు, అమెరికా ఉంది. 100 మీటర్లలో ఈవ్లిన్ యాష్‌ఫర్డ్, ఆలిస్ బ్రౌన్, ఆ తర్వాత మెర్లీన్. 200లో వాలరీ బ్రిస్కో-హుక్స్, ఫ్లోరెన్స్ గ్రిఫిత్, ఆ తర్వాత మెర్లీన్. మళ్లీ రెండు కాంస్యాలు. (ఆ లాస్ ఏంజిలిస్‌లోనే 400 మీటర్ల హర్డిల్స్‌లో ఉషకు కాంస్యం వందోవంతులో చేజారింది. మన ఇళ్లలో ఆ వందోవంతు గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. మెర్లీన్ దగ్గర అలాంటివి ఒక దొంతర ఉన్నాయి.) 1988 సోల్‌లో 100 మీటర్ల ఫైనల్ దాకా రాలేదు. 200లో అదే ఫ్లోరెన్స్, ఇప్పుడు గ్రిఫిత్-జాయ్‌నర్, 21.34తో ప్రపంచ రికార్డు పెట్టింది. జమైకాకే చెందిన గ్రేస్ జాక్సన్ 21.72తో రెండోది. తూర్పు జర్మనీకి చెందిన హైకె డ్రెక్స్‌లర్ 21.95. మెర్లీన్ 21.99. ఇరవై రెండు సెకన్ల లోపల పరిగెత్తి, పతకం లేకుండా ఇంటిదారి పట్టింది.

ఈ గ్రేస్ జాక్సన్‌ను గుర్తుంచుకోండి. మెర్లీన్ తెచ్చిన తొలి పతకం తర్వాత ఎనిమిదేళ్లకే జమైకాలో ఆమెను దాటిపోయే మనిషి తయారైంది. 1992 బార్సిలోనాలో మరో జమైకన్ జూలియెట్ కత్‌బర్ట్ 100లోనూ 200లోనూ వెండి గెలిచింది. ఆ 100 మీటర్ల ఫైనల్ చూస్తే ఇప్పటికీ కళ్లు తిరుగుతాయి. గెయిల్ డీవర్స్ 10.82, కత్‌బర్ట్ 10.83, ఇరీనా ప్రివలోవా 10.84, గ్వెన్ టారెన్స్ 10.86, మెర్లీన్ 10.88. మొదటి స్థానానికీ ఐదో స్థానానికీ మధ్య ఆరు వందోవంతులు. 200లో మెర్లీన్‌కు ఇంకో కాంస్యం.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. ఈ ఓటమి లెక్కలు వరుసగా చదివితే ఆమె ఎప్పుడూ ఓడేదని అనిపిస్తుంది. వాస్తవం దానికి పూర్తిగా ఎదురు. ఒలింపిక్ ఏడాదుల మధ్య యూరప్‌లో జరిగే పెద్ద పోటీల్లో ఆమెను కొట్టడం గగనమయ్యేది. 1991 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ముందు 100 మీటర్ల ఫైనల్స్‌లో ఆమె వరుస గెలుపులు యాభై దాటాయి. అంత ఊపుతో టోక్యో వెళ్లి, 100లో, 200లో రెండిటిలోనూ మూడోదిగా వచ్చింది. ఆ తర్వాత రెండు వారాలకే బ్రస్సెల్స్‌లో 200 మీటర్లు 21.64లో పరిగెత్తింది. టోక్యోలో స్వర్ణం గెలిచిన కత్రిన్ క్రాబె సమయం 22.09. ఎవరికైనా మతి పోతుంది. విలేకరులు 'కాంస్య రాణి' అని పేరు తగిలించారు. ఆ పేరులో గౌరవమెంతో ఎకసెక్కెం అంత.

టోక్యోలో ఒక స్వర్ణం మాత్రం ఉంది, 4×100 రిలేలో. ఆఖరి కాలు మెర్లీన్‌ది. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

1993 ఆగస్టు, జర్మనీలోని స్టుట్‌గార్ట్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 100 మీటర్లు. డీవర్స్, మెర్లీన్ కలిసి గీత దాటారు. ఇద్దరికీ 10.82. స్వర్ణం డీవర్స్‌కు. జమైకా ఫిర్యాదు చేసింది, నిలవలేదు. బహుమతి ప్రదానం దగ్గర మెర్లీన్ పేరు పిలవగానే స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉంది. కొన్ని రోజులకే 200 మీటర్లలో ఆమె 21.98తో గెలిచింది. ముప్పై మూడేళ్ల వయసులో, ఆరుబయట జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సొంతంగా గెలిచిన తొలి స్వర్ణం.

మూడేళ్ల తర్వాత అట్లాంటా. 1996 జూలై 27. ఆ తెల్లవారుజామునే ఒలింపిక్ పార్కులో బాంబు పేలింది, ఊరంతా పోలీసులు. రాత్రి 100 మీటర్ల ఫైనల్. మళ్లీ డీవర్స్, మళ్లీ మెర్లీన్, ఈసారి ఇద్దరికీ 10.94. మూడోదిగా టారెన్స్ 10.96.

ఇద్దరికీ ఒకే సమయం వచ్చినప్పుడు ఒకరు గెలవడమేమిటని అడిగేవాళ్లు ఉన్నారు. అది తెలియాలంటే ఫొటో ఫినిష్ కెమెరా ఎలా పని చేస్తుందో చూడాలి. ఆ కెమెరా మన కెమెరాలా మైదానాన్ని మొత్తం చూడదు. గెలుపు గీతకు సరిగ్గా ఎదురుగా సన్నని చీలికలోంచి ఆ గీతను మాత్రమే చూస్తుంది. సెకనుకు వేలసార్లు ఆ సన్నని పట్టీని తీసి, ఒకదాని పక్కన ఒకటి పేరుస్తుంది. అలా తయారైన బొమ్మలో ఎడమ నుంచి కుడికి ఉండేది దూరం కాదు, కాలం. అందుకే ఆ బొమ్మలో మనుషులు వింతగా ఉంటారు. గీత మీద ఒక్క క్షణం ఆనిన పాదం సాగదీసినట్టు పొడుగ్గా కనిపిస్తుంది. న్యాయనిర్ణేత ఆ బొమ్మ మీద ఒక నిలువు గీతను జరుపుతూ పోయి, మొండెం ముందు అంచుకు తగిలేలా ఆపుతాడు. తల లెక్కలోకి రాదు, చెయ్యీ రాదు, కాలూ రాదు. మొండెమే లెక్క. చివరి అడుగులో ఎవరు ఛాతీని ముందుకు వంచారో వాళ్లదే గెలుపు. బొమ్మలో కాలం వెయ్యోవంతుల్లో ఉంటుంది. బోర్డు మీద వేసేటప్పుడు పై వందోవంతుకు సవరిస్తారు కాబట్టి ఇద్దరి పేర్ల పక్కనా 10.94 కనిపించింది, తేడా బొమ్మలోనే ఉండిపోయింది.

వెయ్యోవంతు అంటే ఎంత? ఆ వేగంలో మనిషి సెకనుకు దాదాపు పది మీటర్లు వెళుతుంది. వెయ్యోవంతులో ఒక సెంటీమీటరు. స్టుట్‌గార్ట్‌లో ఇద్దరి మధ్య తేడా ఆ ఒక్క సెంటీమీటరే. చిటికెన వేలి గోరు వెడల్పు. అట్లాంటాలో కూడా వెయ్యోవంతుల్లోనే తేలింది. జమైకా మళ్లీ ఫిర్యాదు చేసింది, మళ్లీ తోసిపుచ్చారు. నేను ఆ రెండు బొమ్మలూ చూశాను. తీర్పు సరైనదే. డీవర్స్ ఛాతీ ముందుంది. మెర్లీన్‌కు అన్యాయం జరిగిందనే మాట వినడానికి బాగుంటుంది, నిజం కాదు. గీత దగ్గర వంగడంలో డీవర్స్ ఆమెకంటే మేలు, అంతే.

అట్లాంటా 200 మీటర్లలోనూ వెండే. గెలిచింది ఫ్రాన్స్ జెర్సీ వేసుకున్న మరీ-జోసే పెరెక్. ఆమె పుట్టింది కూడా కరీబియన్ దీవి గ్వాడలూప్‌లోనే. రిలేలో ఇంకో కాంస్యం. ఆ సెప్టెంబరులో మిలాన్‌లో, ముప్పై ఆరేళ్ల వయసులో, మెర్లీన్ తన జీవితంలోకెల్లా వేగంగా 100 మీటర్లు పరిగెత్తింది. 10.74.

అదృష్టం ఆమెకు ఎప్పుడూ ఎదురే అనుకోవడానికీ లేదు. 1995లో గోథెన్‌బర్గ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, 200 మీటర్ల ఫైనల్‌లో టారెన్స్ 21.77తో చాలా ముందు వచ్చింది. కానీ మలుపులో లేన్ లోపలి గీతను తొక్కింది. లోపలికి జరిగితే దూరం తగ్గుతుంది కాబట్టి నిబంధన ప్రకారం అనర్హురాలు. 22.12తో వచ్చిన మెర్లీన్‌కు స్వర్ణం. 1997లో ఏథెన్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మళ్లీ చేదు. 100 మీటర్ల ఫైనల్‌లో తప్పుడు ఆరంభమైంది, వెనక్కి పిలిచే తుపాకి మోత ఆమెకు వినపడలేదు, ఒక్కతే చాలా దూరం పరిగెత్తేసింది. తిరిగి వచ్చి మళ్లీ పరిగెత్తేసరికి కాళ్లలో సత్తువ అయిపోయింది. ఆ పోటీల్లోనే 200 మీటర్లలో ఆమెకు కాంస్యం దక్కింది, సమయం 22.40. ఆమెను వందోవంతుతో వెనక్కి నెట్టి 22.39తో వెండి గెలిచింది ఎవరనుకున్నారు? మన పొరుగున శ్రీలంకకు చెందిన సుశాంతికా జయసింఘె. ఇంకో చిన్న దేశపు అమ్మాయి. ఆమె కథ విడిగా ఒక వారం రాస్తాను. ఆ కాంస్యంతో మెర్లీన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకాలు పద్నాలుగయ్యాయి.

1999 వేసవిలో లూసర్న్‌లో తీసిన నమూనాలో నాండ్రొలోన్ అనే నిషిద్ధ పదార్థం దొరికిందన్నారు. ఆమె ఒప్పుకోలేదు. జమైకా సంఘం నిర్దోషి అంది, అంతర్జాతీయ సంఘం కాదంది. చివరికి 2000లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పిచ్చింది. అప్పటికి సిడ్నీ ఒలింపిక్స్ ముంగిట్లో ఉన్నాయి, ఆమెకు నలభై నిండాయి.

చిన్న దేశపు చరిత్రలో అసలు ముడి ఇక్కడే పడింది. ఒలింపిక్స్‌లో ఒక్కో పరుగుకు ఒక్కో దేశం నుంచి ముగ్గురే వెళ్లాలి. అమెరికా అయినా అంతే, జమైకా అయినా అంతే. 1980లో జమైకాకు ఆ మూడు బెర్తులు నింపడమే గొప్ప. 2000 నాటికి మూడు చాలడం లేదు. దేశపు ఎంపిక పోటీలో 100 మీటర్లు గెలిచింది పీటా-గే డౌడీ. మెర్లీన్ నాలుగోది. కానీ చివరి జాబితాలో డౌడీ పేరు పోయి మెర్లీన్ పేరు వచ్చింది. సిడ్నీ క్రీడా గ్రామంలో తోటి జమైకా అథ్లెట్లే ఆమెకు వ్యతిరేకంగా నిరసనకు దిగారు. ఇరవై ఏళ్లు జెండా మోసిన మనిషి మీద సొంతవాళ్లే అరవడం టీవీలో ప్రపంచమంతా చూసింది.

మెర్లీన్ అభిమానులు ఈ ఘట్టాన్ని కృతఘ్నత అంటారు. నేను అనను. డౌడీకి జరిగింది అన్యాయమే. ఎంపిక పోటీ పెట్టి, గెలిచిన పిల్లను పక్కన పెడితే ఇక ఆ పోటీ ఎందుకు? తర్వాత మెర్లీన్ ఎంత బాగా పరిగెత్తినా ఆ అన్యాయం మాసిపోదు. ఆ జాబితా రాసింది మాత్రం మెర్లీన్ కాదు. తప్పు పెద్దలది, తిట్లు ఆమెకు. ఇంకో సంగతి ఏమిటంటే, ఆమెకు అడ్డం నిలబడిన ఆ తరం, జమైకా ఆడపిల్లలకూ ఒలింపిక్ పతకాలు వస్తాయని ఆమెను చూస్తూ నమ్మిన తరమే. 1980లో ఆమె ఒక్కతే. 2000లో ఆమె నాలుగో మనిషి. ఒక దేశం పరుగులో ఎంత ఎదిగిందో చెప్పడానికి ఇంతకంటే మంచి కొలత నాకు కనిపించలేదు.

సిడ్నీలో ఆమె 100 మీటర్లలో 11.19తో నాలుగోది. గెలిచిన మరియన్ జోన్స్ తర్వాత నిషిద్ధ మందులు వాడినట్టు ఒప్పుకుంది, పతకాలు వెనక్కిచ్చింది. 2009 డిసెంబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కొత్త లెక్క చెప్పింది. స్వర్ణం ఖాళీ. రెండోదిగా వచ్చిన గ్రీసు అమ్మాయి థానూ మీద కూడా మందుల పరీక్ష ఎగవేత మచ్చ ఉండటంతో ఆమెను పైకి జరపలేదు. జమైకాకు చెందిన టేనా లారెన్స్‌కు వెండి, మెర్లీన్‌కు కాంస్యం. పరుగు జరిగిన తొమ్మిదేళ్లకు, నలభై తొమ్మిదేళ్ల వయసులో తొమ్మిదో ఒలింపిక్ పతకం. సిడ్నీలోనే చేతికందిన పతకం ఒకటి ఉంది, రిలే వెండి. నలభయ్యేళ్ల మెర్లీన్‌తో పాటు ఆ జట్టులో పద్దెనిమిదేళ్ల వెరోనికా క్యాంప్‌బెల్ ఉంది. మెర్లీన్ మాస్కోలో పరిగెత్తినప్పుడు క్యాంప్‌బెల్ ఇంకా పుట్టలేదు.

సిడ్నీ తర్వాత మెర్లీన్ జమైకా తరఫున పరిగెత్తలేదు. ల్యూబ్లియానాలో కోచ్ స్ర్జన్ జోర్జెవిచ్ దగ్గర సాధన చేస్తూ అక్కడే స్థిరపడింది. 2002లో స్లొవేనియా పౌరసత్వం వచ్చింది. అది ఇరవై లక్షల మంది దేశం. పరుగులో బెర్తు కోసం తోసుకునేవాళ్లు లేరు. 2004 ఏథెన్స్‌లో నలభై నాలుగేళ్ల మెర్లీన్ స్లొవేనియా జెర్సీతో 100 మీటర్ల సెమీఫైనల్ దాకా వెళ్లింది. జమైకాలో కొందరు నొచ్చుకున్నారు. అయినా 2005లో కింగ్‌స్టన్‌లో జాతీయ స్టేడియం దగ్గర ఆమె విగ్రహం నిలబెట్టారు.

ఆమె ఆగలేదు. బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హత సమయం అందుకోవాలని నలభై ఎనిమిదేళ్ల వయసులో ప్రయత్నించింది, అందలేదు. 2010 బార్సిలోనా యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో యాభయ్యేళ్ల వయసులో స్లొవేనియా రిలే జట్టులో బ్యాటన్ పట్టింది. 2012 హెల్సింకీలోనూ పట్టింది, అప్పటికి యాభై రెండు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట, 1983లో, అదే హెల్సింకీలో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆమె 200 మీటర్ల వెండి గెలిచింది.

తొమ్మిది ఒలింపిక్ పతకాలు: మూడు వెండి, ఆరు కాంస్యం. స్వర్ణం లేదు. ఆమె గురించి రాసే ప్రతివాళ్లూ ఈ చివరి మాట దగ్గరే ఆగి నిట్టూరుస్తారు. నా మటుకు నాకు అది ఆమె కథలో చిన్న భాగం. 2004లో ఏథెన్స్‌లో ఆ 200 మీటర్ల స్వర్ణం జమైకాకే వచ్చింది, గెలిచింది వెరోనికా క్యాంప్‌బెల్. 2008 ఆగస్టు 17న బీజింగ్‌లో 100 మీటర్ల ఫైనల్‌లో మొదటి మూడు స్థానాలూ జమైకా అమ్మాయిలవే. షెల్లీ-ఆన్ ఫ్రేజర్ స్వర్ణం గెలిచింది. షెరోన్ సింప్సన్, కెరన్ స్టీవర్ట్ ఇద్దరికీ ఒకే సమయం, 10.98. ఈసారి వెయ్యోవంతుల్లో కూడా తేడా తేలలేదు, ఇద్దరికీ వెండి ఇచ్చారు. వచ్చే వారం ఆ రాత్రి గురించి.